పన్ను కాగితాల్లో ఏది దాచాలి, ఏది చింపాలి: విశాఖ ఇళ్ల కోసం ఒక సమగ్ర మార్గదర్శి

ఉక్కునగరంలోనో పోర్టు క్వార్టర్స్‌లోనో ముప్పై ఏళ్లు ఉండి రిటైరైన వాళ్ల ఇంట్లో బీరువా పై అర తీసి చూడండి. 1990ల నాటి జీతం స్లిప్పులు, ఎప్పుడో మూసేసిన ఖాతాల పాస్‌బుక్కులు, కరెంటు బిల్లులు, ఎల్‌ఐసీ రసీదులు, ఇంటి పన్ను చలానాలు అన్నీ కలిపి ఒకే కట్ట, దానికో రబ్బరు బ్యాండు, అది కూడా కరిగి కాగితానికి అతుక్కుపోయి ఉంటుంది. ఏదీ పారేయలేదు కాబట్టి అన్నీ ఉన్నాయని వాళ్ల ధైర్యం. తీరా ఇల్లు అమ్మేటప్పుడు ఆడిటర్ గారు "2006లో పైన వాటా కట్టారు కదండీ, ఎంతయిందో కాగితం ఏమన్నా ఉందా?" అని అడిగితే ఆ ఒక్కటే దొరకదు. కరెంటు బిల్లులు మాత్రం నెల తప్పకుండా దొరుకుతాయి.

బంధువుల ఇళ్లలో, మా అపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్లకు ఈ కట్టలు విప్పి సర్దడంలో సాయం చేస్తుంటాను. దాదాపు అందరూ కాగితాన్ని దాని వయసును బట్టి చూస్తారు. పాతది కదా పారేద్దాం అని ఒకరు, పాతది కదా ఎప్పుడన్నా పనికొస్తుందేమో అని ఇంకొకరు. నేను చెప్పేది ఒక్కటే, ఆ కాగితం ఏ లావాదేవీకి సంబంధించిందో, ఆ లావాదేవీ ముగిసిందో లేదో చూడండి. పోయినేడాది అద్దె రసీదుకు ఏడెనిమిదేళ్ల ఆయుష్షు ఉంటుంది. 1988లో తాతగారు కొన్న స్థలం దస్తావేజుకైతే ఆ లెక్క ఇంకా మొదలే కాలేదు, ఎందుకంటే ఆ స్థలం ఇంకా అమ్మలేదు.

ఇది జీతం, పెన్షన్, ఒకటి రెండు ఇళ్లు, కాస్త బంగారం, కొద్దిగా షేర్లు ఉన్న మామూలు కుటుంబాల కోసం రాస్తున్నాను. జీఎస్టీ కట్టే వ్యాపారం ఉంటే ఆ లెక్కలు వేరు, వాటి జోలికి నేను వెళ్లడం లేదు.

ముందు పోర్టల్ తెరవండి, తర్వాతే కాగితాలు

ఆదివారం కూర్చుని చకచకా చింపేసే ముందు ఆదాయపు పన్ను శాఖ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో ఇంట్లో పాన్ ఉన్న ప్రతి ఒక్కరి పేరుతో లాగిన్ అవ్వండి. నాన్నగారిది, అమ్మగారిది కూడా. చాలా ఇళ్లలో అమ్మ పేరు మీద ఒక ఎఫ్‌డీ, ఒక స్థలం ఉంటాయి, ఆవిడ పాన్‌తో పోర్టల్‌లోకి ఎవరూ ఎప్పుడూ వెళ్లి ఉండరు.

లోపలికి వెళ్లాక పాత డిమాండ్లు (ఇంకా కట్టాలని శాఖ చెప్పే బాకీలు) ఏమన్నా పెండింగ్‌లో ఉన్నాయేమో చూడండి. ఈ-ప్రొసీడింగ్స్‌లో నోటీసులు ఉన్నాయేమో చూడండి. ఇప్పుడు అసెస్‌మెంట్లు చాలా వరకు ఫేస్‌లెస్‌గా, అంటే అధికారిని కలవకుండా ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నాయి, పోస్ట్‌మాన్ కవరు తెస్తాడని ఎదురుచూస్తే లాభం లేదు, నోటీసు పోర్టల్‌లోనూ మెయిల్‌లోనూ ఉంటుంది. ఆ మెయిల్ ఐడీ ఎప్పుడో రిటర్న్ వేసిపెట్టిన ఏజెంటుదై ఉంటే వెంటనే మార్చండి. ఏ ఏడాదికైనా డిమాండ్ గానీ, నోటీసు గానీ, అప్పీలు గానీ నడుస్తుంటే ఆ ఏడాది కాగితాల్లో ఒక్కటి కూడా కదపొద్దు, ఎంత పాతవైనా సరే. పాత డిమాండ్లు ఏళ్ల తరబడి అలా వేలాడుతుంటాయి. 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో 2009-10 వరకు ఉన్న 25,000 రూపాయల లోపు డిమాండ్లు, 2010-11 నుంచి 2014-15 వరకు ఉన్న 10,000 లోపు డిమాండ్లు ఎత్తేస్తున్నామని ప్రకటించారంటే, పదిహేనేళ్లు దాటినవి కూడా లెక్కల్లో ఎలా ఉండిపోయాయో ఊహించుకోవచ్చు.

తర్వాత పాత రిటర్నులు, వాటి అకనాలెడ్జ్‌మెంట్లు, 143(1) ఇంటిమేషన్లు (రిటర్న్ చూసి శాఖ పంపే లెక్క) దొరికినన్ని డౌన్‌లోడ్ చేసుకోండి. 26ఏఎస్ (మీ పేరు మీద జమైన పన్నుల పట్టిక), ఏఐఎస్ (ఏడాదిలో మీ ఆదాయం, పెద్ద లావాదేవీల పట్టిక) కూడా. ఏఐఎస్ పీడీఎఫ్ తెరవాలంటే పాస్‌వర్డ్ అడుగుతుంది. పాన్‌ను చిన్న అక్షరాల్లో కొట్టి, వెంటనే పుట్టిన తేదీ ఎనిమిది అంకెల్లో కలిపితే తెరుచుకుంటుంది. 26ఏఎస్‌కు పుట్టిన తేదీ ఒక్కటే చాలు. పాన్ రికార్డులో పుట్టిన తేదీ ఏముందో అదే వాడాలి, అసలు పుట్టినరోజు వేరే అయితే అది పనిచేయదు. మన పెద్దవాళ్లలో స్కూల్లో వేయించిన తేదీ వేరు, ఇంట్లో చేసుకునే పుట్టినరోజు వేరు, ఇక్కడే చాలామంది ఆగిపోతారు.

ఇవి చేతిలో ఉంటే సగం కాగితం బరువు అక్కడికక్కడే దిగిపోతుంది.

కాగితాలన్నీ రెండు కుప్పలు

నేల మీద దుప్పటి పరిచి రెండే కుప్పలు పెట్టండి. ఒకటి ఏడాది కుప్ప, అంటే ఒక ఆర్థిక సంవత్సరంలో మొదలై ఆ ఏడాది రిటర్న్‌తో పని అయిపోయేవి. ఫారం 16 (జీతంలో టీడీఎస్, అంటే ముందే కోసిన పన్ను, సర్టిఫికెట్), ఫారం 16ఏ (వడ్డీ లాంటి మిగతా ఆదాయాలపై టీడీఎస్ సర్టిఫికెట్), బ్యాంకు వడ్డీ సర్టిఫికెట్లు, అద్దె రసీదులు, పిల్లల ఫీజు రసీదులు, హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం, విరాళాల రసీదులు, చలానాలు. రెండోది ఆస్తి కుప్ప, అంటే ఏదో ఒకటి కొనడం, కట్టడం, వారసత్వంగా రావడం, అమ్మడం, పరిహారం పుచ్చుకోవడం. ఇల్లు, స్థలం, పొలం, షేర్లు, మ్యూచువల్ ఫండ్లు, బంగారం, పీఎఫ్, పాలసీలు అన్నీ దీనిలోకే. ఏ కుప్పలో పెట్టాలో తెలియని కాగితం వస్తే ఆస్తి కుప్పలో పడేయండి, తర్వాత తేల్చుకోవచ్చు.

ఏడాది కుప్ప: ఎనిమిదేళ్లు ఎందుకంటున్నానంటే

ఆరేళ్లు చాలు అంటారు కొందరు, పదేళ్లు అంటారు ఇంకొందరు. ఇద్దరూ ఏదో కాలంలో ఉన్న రూలునే చెబుతున్నారు. 2021 వరకు పన్ను శాఖ పాత ఏడాది లెక్కలను తిరగతోడే గడువు మామూలుగా ఆరేళ్లు. 2021 ఫైనాన్స్ చట్టం దాన్ని మూడేళ్లకు తగ్గించి, తప్పించుకున్న ఆదాయం 50 లక్షలు దాటిన పెద్ద కేసులకు పదేళ్లు పెట్టింది. 2024 సెప్టెంబరు 1 నుంచి మళ్లీ మారింది. ఇప్పుడు అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరానికి తర్వాతి ఏడాది) ముగిసిన తర్వాత మామూలుగా మూడేళ్ల మూడు నెలలు, 50 లక్షలో అంతకు మించో ఆదాయం లెక్కలోకి రాలేదని ఆధారం ఉంటే ఐదేళ్ల మూడు నెలలు.

లెక్క వేసి చూద్దాం. 2020-21లో సంపాదించిన ఆదాయానికి అసెస్‌మెంట్ సంవత్సరం 2021-22, అది 2022 మార్చి 31తో ముగిసింది. దానికి మామూలు గడువు 2025 జూన్ 30, పెద్ద కేసుకు 2027 జూన్ 30. ఆఖరి రోజున నోటీసు ఇచ్చారనుకుందాం, ఆ నోటీసు ఇచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక ఇంకో పన్నెండు నెలల దాకా విచారణ పూర్తి చేయడానికి టైము ఉంటుంది. అంటే 2029 మార్చి. 2021 మార్చి నుంచి 2029 మార్చికి సరిగ్గా ఎనిమిదేళ్లు. అందుకే ఆర్థిక సంవత్సరం ముగిసిన రోజు నుంచి ఎనిమిదేళ్లు దాచండి అంటున్నాను. 50 లక్షల వ్యవహారం మనకెక్కడిది అనుకోకండి, మధురవాడలోనో ఎండాడలోనో ఒక ఫ్లాట్ అమ్మితే ఆ ఏడాది అంకె అక్కడికి తేలిగ్గా చేరుతుంది.

డాక్టర్లు, లాయర్ల లాంటి వృత్తుల వాళ్లకు లెక్కల పుస్తకాలు అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక ఆరేళ్లు ఉంచాలని విడిగా రూలు ఉంది, అది కూడా ఈ ఎనిమిదేళ్లలోనే సరిపోతుంది. 2025లో వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు, అందులో అసెస్‌మెంట్ సంవత్సరం అన్న మాట పోయి పన్ను సంవత్సరం ఒక్కటే ఉంటుంది. దానికి ముందరి ఏళ్లకు పాత చట్టమే వర్తిస్తుంది కాబట్టి కొత్త చట్టం వచ్చిందని పాత ఫైళ్లు ఎత్తి పారేయకండి.

రిటర్న్‌తో పాటు మనం ఏ కాగితమూ జత చేయం. వేసినప్పుడు ఎవరూ అడగలేదని అవి అక్కర్లేదనుకుంటారు చాలామంది. జత చేయనక్కర్లేదు కాబట్టే అవి మన దగ్గర ఉండాలి, అడిగినప్పుడు చూపించాల్సింది మనమే.

ఇందులో కాస్త తెరిపి ఇచ్చే విషయం, 2023-24 నుంచి చాలా మినహాయింపులు లేని కొత్త పన్ను విధానమే డిఫాల్ట్. మీరు ఒక ఏడాది కొత్త విధానంలో రిటర్న్ వేసి ఉంటే ఆ ఏడాది అద్దె రసీదులు, 80సీ రసీదులు (ఎల్‌ఐసీ, పీపీఎఫ్ లాంటి పొదుపులవి), మెడికల్ బిల్లులు పన్ను కోసం దాచక్కర్లేదు. పాత విధానంలో వేసిన ఏడాదికి మాత్రం అన్నీ కావాలి, ఏడాదికి లక్ష దాటిన అద్దెకు ఇంటి ఓనరు పాన్ కాపీతో సహా. అందుకే ప్రతి ఏడాది ఫైలు మీద స్కెచ్ పెన్నుతో "పాత" అనో "కొత్త" అనో రాయండి. ఇది రాయకపోతే తర్వాత రిటర్న్ తెరిచి చూసుకునేదాకా గుర్తుండదు.

ఈ ఎనిమిదేళ్ల లెక్కకు ఒక మినహాయింపు ఉంది. షేర్లలో గానీ ఇంటి లోన్ వడ్డీలో గానీ నష్టం వచ్చి దాన్ని తర్వాతి ఏళ్లకు తీసుకెళ్తుంటే, అలా ఎనిమిది అసెస్‌మెంట్ సంవత్సరాల దాకా తీసుకెళ్లొచ్చు కాబట్టి, నష్టం వచ్చిన ఏడాది కాగితాలు ఆ నష్టాన్ని ఆఖరున వాడుకున్న ఏడాదితో పాటే బతకాలి. నష్టం వచ్చిన ఏడాది ఫైలును తీసి ఆఖరి ఏడాది ఫైలులో పెట్టేయండి, గొడవ ఉండదు.

రిటర్నులు, అకనాలెడ్జ్‌మెంట్లు, ఇంటిమేషన్లు మాత్రం ఎనిమిదేళ్లు దాటినా పారేయను. ఏడాదికి నాలుగైదు పేజీలు, స్కాన్ చేస్తే ఆ చోటు కూడా పట్టదు. వీసాకు, లోన్‌కు, "పాతికేళ్ల కిందట ఆ స్థలం కొనడానికి డబ్బెక్కడిది" అన్న ప్రశ్నకు ఇవే జవాబు.

ఆస్తి కుప్ప: ఇక్కడ తొందర వద్దు

ఈ కుప్పలో గడువు ఆస్తి అమ్మిన ఏడాది నుంచి మొదలవుతుంది. అమ్మిన ఆర్థిక సంవత్సరం ముగిశాక ఎనిమిదేళ్లు, అప్పటి వరకు కదపొద్దు.

ఇల్లు తీసుకోండి. ఫైలులో ఉండాల్సినవి దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, రిజిస్ట్రేషన్, స్టాంపు డ్యూటీ చలానాలు, ఈసీ (ఆస్తిపై లావాదేవీలు, తాకట్లు చూపే సర్టిఫికెట్), ప్లాన్ అప్రూవల్ (2018కి ముందువైతే పట్టణాభివృద్ధి సంస్థ వుడా పేరుతో ఉంటాయి, ఆ ఏడాదే అది వీఎంఆర్‌డీఏ అయింది), కట్టినప్పటి ఖర్చుల బిల్లులు, లోన్ పూర్తి స్టేట్‌మెంట్. ఫ్లాట్ 50 లక్షలో పైనో పెట్టి కొని ఉంటే మీరు ఒక శాతం టీడీఎస్ కట్టి ఉంటారు కదా, ఆ 26క్యూబీ చలానా, ఫారం 16బీ కూడా దస్తావేజు పక్కనే ఉండాలి. అమ్మినవారు ఎన్నారై అయితే ఆ ఒక శాతం రూలు వర్తించదు, టీడీఎస్ లెక్క పూర్తిగా వేరు, ఆ కాగితాలైతే మరీ జాగ్రత్త.

బిల్లుల్లో తేడా తెలుసుకోండి. రంగులు వేయించడం, లీకేజీ ఆపించడం, కుళాయిలు మార్చడం లాంటివి మరమ్మతులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి ఊరు ఊరంతా కిటికీ అద్దాలు వేయించుకుంది, ఆ బిల్లులు ఇంకా దాచిన ఇళ్లు ఉన్నాయి. అవి పన్నుకు పనికిరావు, చింపేయొచ్చు. ఇంటిని అద్దెకిచ్చినా అంతే, అద్దె ఆదాయంలో మరమ్మతులకని 30 శాతం ఎలాగూ బిల్లు లేకుండానే తగ్గిస్తారు. అదే పైన వాటా వేయడం, కొత్త గది కట్టడం, లిఫ్టు పెట్టించడం లాంటివి ఆస్తి విలువ పెంచే పనులు, అమ్మినప్పుడు లాభంలోంచి వాటి ఖర్చు తీసేస్తారు. ఆ బిల్లు ఒక్కొక్కటీ డబ్బే. మేస్త్రీకి ఇచ్చిన సొమ్ముకు బిల్లు ఎలా వస్తుంది అంటారు, రాదు. అందుకే చెక్కుతో గానీ ఫోన్‌పేతో గానీ ఇవ్వండి, మేస్త్రీ చేత ఒక తెల్లకాగితం మీద ఏ పని, ఎంత సొమ్ము, ఏ తేదీ రాయించి సంతకం పెట్టించండి, ఆ నెల బ్యాంకు స్టేట్‌మెంట్ దానికి పిన్ చేయండి. పని జరిగే ముందూ తర్వాతా రెండు ఫోటోలు.

1990ల్లో కట్టిన ఇళ్ల వాళ్లకు ముఖ్యమైన సంగతి. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న ఆస్తికి, అసలు ఖర్చు బదులు ఆ తేదీ నాటి మార్కెట్ విలువను తీసుకోవచ్చు, ఇల్లు, స్థలమైతే ఆనాటి స్టాంపు డ్యూటీ విలువకు మించకుండా. కొన్న తర్వాత అదనంగా కట్టిన వాటి ఖర్చు ఆ తేదీకి ముందుదైతే లెక్కలోకి రాదు. కాబట్టి 1994లో పైన వేసిన గది తాలూకు సిమెంటు బిల్లులు నిశ్చింతగా చింపొచ్చు, ఆస్తి దస్తావేజు మాత్రం ఉండాలి, 2001 నాటి విలువకు వాల్యుయర్ రిపోర్టు చేయించుకుంటే అదీ ఇదే ఫైలులో. 2024 జూలై 23 నుంచి స్థలాలు, ఇళ్ల అమ్మకంలో దీర్ఘకాలిక లాభంపై పన్ను ఇండెక్సేషన్ (కొన్న ధరను ధరల పెరుగుదల మేరకు పెంచి లెక్కించడం) లేకుండా 12.5 శాతం అయింది. ఆ తేదీకి ముందు కొన్న ఆస్తిని ఇక్కడి నివాసులు అమ్మితే ఇండెక్సేషన్‌తో 20 శాతం లెక్క కూడా వేసి, ఏది తక్కువైతే అదే కట్టొచ్చు. ఏ ఖర్చు ఏ ఏడాది పెట్టారో తేదీలతో సహా ఉంటేనే ఈ రెండు లెక్కలూ వేసి చూడగలరు.

వారసత్వంగా వచ్చినదైతే మీ పేరు మీదకు వచ్చిన తేదీన ఉన్న విలువ తీసుకోరు, ముందరి ఓనరు పెట్టిన ఖర్చే మీ ఖర్చు. నాన్నగారి దస్తావేజు, ఆయన డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, వీలునామా లేదా పంపకాల దస్తావేజు, ఇవన్నీ ఒకే ఫైలు. పోయినవారి పాన్, చివరి రిటర్నులు కూడా అందులోనే పెట్టండి, వారి తరఫున జవాబు చెప్పాల్సింది వారసులే.

ఒక ఇల్లు అమ్మి ఇంకోటి కొని పన్ను మినహాయింపు తీసుకున్నారా? అప్పుడు రెండు ఇళ్ల ఫైళ్లనూ తాడుతో కట్టేయండి. కొత్త ఇంటిని మూడేళ్లలోపు అమ్మితే పాత లాభం మళ్లీ లెక్కలోకి వస్తుంది.

పొలం సంగతికి వస్తే, మన చుట్టుపక్కల ఇది చాలా పెద్ద సంగతి. ఊళ్లలో ఉన్న వ్యవసాయ భూమి అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ (అమ్మిన లాభంపై) పన్ను లేదన్న మాట నిజమే, కానీ పది లక్షలు దాటిన జనాభా ఉన్న నగరం హద్దు నుంచి గాలిలో గీసిన గీత లెక్కన 8 కిలోమీటర్లలోపు ఉంటే ఆ సౌకర్యం లేదు. విశాఖ జనాభా 2011 లెక్కల్లోనే పది లక్షలు దాటింది. పెందుర్తి అవతలో ఆనందపురం అవతలో ఉన్న పొలాన్ని అమ్మినవాళ్లు దస్తావేజుతో పాటు, జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) హద్దు నుంచి ఆ సర్వే నంబరు ఎంత దూరమో చూపే కాగితం, పంట వేసినట్టు అడంగల్ కాపీ, 1బీ (భూమి ఎవరి పేరున ఉందో చూపే రికార్డు), పట్టాదారు పాస్ పుస్తకం జిరాక్సు అమ్మిన రోజే తీసి పెట్టుకోవాలి. అమ్మేశాక ఆ రికార్డులు కొన్నవాళ్ల పేరు మీదకు వెళ్లిపోతాయి, మీకు మళ్లీ తీసుకోవడం తలనొప్పి.

ప్రభుత్వం భూమి తీసుకుని పరిహారం ఇచ్చిన కుటుంబాలు మన దగ్గర తరతరాలుగా ఉన్నాయి. 2013 భూసేకరణ చట్టం కింద వచ్చిన పరిహారానికి ఆ చట్టంలోని 96వ సెక్షన్ ప్రకారం ఆదాయపు పన్ను లేదు. ఏ చట్టం కింద తీసుకున్నారన్నది అవార్డు (పరిహారం ఆర్డరు) కాపీలోనే రాసి ఉంటుంది, మినహాయింపు దాని మీదే ఆధారపడుతుంది. బ్యాంకులో పడిన సొమ్ము కనబడుతుంది, ఆ సొమ్ము ఎందుకు వచ్చిందో అవార్డు కాపీయే చెబుతుంది. దాన్ని ఎప్పటికీ పారేయొద్దు.

బంగారానికి బిల్లులు దాచండి, పెళ్లిలో వచ్చినదైతే ఎవరు పెట్టారో ఒక జాబితా రాసి పెట్టుకోండి. సోదాల్లో పెళ్లయిన స్త్రీకి 500 గ్రాములు, పెళ్లికాని అమ్మాయికి 250, మగవారికి 100 గ్రాముల వరకు నగలు జప్తు చేయొద్దని 1994లో ఆదాయపు పన్ను శాఖ పై బోర్డు సీబీడీటీ ఆదేశం ఇచ్చింది, దాన్ని పట్టుకుని అంతవరకు కాగితమే అక్కర్లేదని కొందరు అంటారు. అది జప్తు గురించి మాత్రమే. అమ్మినప్పుడు లాభం లెక్క వేయాలంటే కొన్న ధర కావాలి.

షేర్లు, ఫండ్లకు కొన్నప్పటి స్టేట్‌మెంట్ చాలు. 2018 జనవరి 31 వరకు కొన్నవి ఇంకా ఉంటే ఆ రోజు ధరతో లెక్క ఉంటుంది కాబట్టి కొన్న తేదీ రుజువు పారేయకండి.

ఎల్‌ఐసీ పాలసీలకు ఒక చిన్న జాగ్రత్త. మెచ్యూరిటీకి బాండు ఒరిజినల్ ఇచ్చేస్తాం, ఇచ్చే ముందు మొదటి పేజీలు జిరాక్సు తీయించండి. వచ్చిన సొమ్ముకు పన్ను లేదని చెప్పాలంటే పాలసీ ఎప్పుడు తీసుకున్నారు, ప్రీమియం ఎంత, బీమా మొత్తం ఎంత అన్నవి కావాలి, అవి బాండు మీదే ఉంటాయి.

రిటైరైన వాళ్లు, వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకున్న వాళ్లు

సెటిల్‌మెంట్ షీట్ అని ఒక కాగితం ఇస్తారు, గ్రాట్యుటీ ఎంత, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ ఎంత, పీఎఫ్ ఎంత అని. దాన్ని ఏడాది కుప్పలో వేసి ఎనిమిదేళ్లకు చింపేయకండి. ప్రభుత్వ రంగ సంస్థల్లో, ప్రైవేటులో గ్రాట్యుటీ మినహాయింపు 20 లక్షలు, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ 25 లక్షలు, ఈ పరిమితులు జీవితకాలం మొత్తానికి కలిపి. రిటైరయ్యాక ఇంకో కంపెనీలో చేరితే అక్కడ వచ్చేదానికి ముందు తీసుకున్నది తీసేసి లెక్క వేస్తారు. వీఆర్‌ఎస్ మీద 5 లక్షల మినహాయింపు కూడా ఒక్కసారే. నేవల్ డాక్‌యార్డు లాంటి చోట రిటైరైన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఈ పరిమితుల బాధ లేదు.

ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్కులు మన ఇళ్లలో ఇంకా బోలెడు. అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఎప్పటిదో స్టేట్‌మెంట్ కావాలంటే బ్యాంకు ఇస్తుందిలే అన్న నమ్మకం పెట్టుకోకండి, బ్యాంకులు రికార్డులు ఎప్పటికీ ఉంచాలన్న రూలు లేదు. స్థలం కొన్న నెల, పెద్ద ఎఫ్‌డీ వేసిన నెల, బయటి నుంచి పెద్ద సొమ్ము పడిన నెల, ఆ పేజీలు స్కాన్ చేసి ఆస్తి ఫైలులో పెట్టి మిగతా పాస్‌బుక్కు వదిలేయండి.

పిల్లలు అమెరికా నుంచి పంపిన డబ్బుకు తల్లిదండ్రుల చేతిలో పన్ను లేదు, దగ్గరి బంధువు ఇచ్చిన బహుమతి కాబట్టి. రుజువు మాత్రం కావాలి. అబ్బాయి "నాన్నా, ఇది మీకు ఇస్తున్నాను, తిరిగి ఇవ్వక్కర్లేదు" అని తేదీ, సొమ్ము వేసి ఒక మెయిల్ పెడితే దాన్ని బ్యాంకులో పడిన రోజు స్టేట్‌మెంట్‌తో కలిపి పెట్టండి. ఆ డబ్బుతో ఫ్లాట్ కొంటే ఇది ఆస్తి కుప్ప.

ఇంటి లోన్ తీరాక

ఒరిజినల్ దస్తావేజులు తెచ్చుకోవడంలో అలసత్వం వద్దు. లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇచ్చేయాలని, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు కట్టాలని రిజర్వు బ్యాంకు రూలు 2023 డిసెంబరు 1 నుంచి ఉంది. తెచ్చుకునేటప్పుడు తాకట్టు పెట్టిన రోజు ఇచ్చిన జాబితాతో ఒక్కో కాగితం సరిచూసుకోండి, బాకీ లేదన్న ఎన్‌వోసీ తీసుకోండి, కొత్త ఈసీ తీసి తాకట్టు ఇంకా కనబడుతుంటే రద్దు చేయించండి.

జీవీఎంసీ పన్ను, కరెంటు, నీళ్లు

ఇంటి పన్ను మొదట వేసినప్పటి అసెస్‌మెంట్ కాగితం, పేరు మార్పిడి ఆర్డరు ఎప్పటికీ ఉంచండి. రసీదులు, సొంతంగా ఉండే ఇల్లయితే రెండు మూడేళ్లవి చాలు. అద్దెకిచ్చిన ఇల్లయితే కట్టిన ఏడాది అద్దె ఆదాయంలోంచి ఆ పన్ను తగ్గుతుంది కాబట్టి రసీదు ఏడాది కుప్పలోకి వెళ్తుంది. ఖాళీ స్థలం పన్ను రసీదులు మాత్రం నేనైతే అన్నీ ఉంచుతాను, స్థలం మీ స్వాధీనంలో ఉందని చెప్పడానికి అవి బలం. కరెంటు బిల్లులు ఏడాదివి చాలు, మిగతావి చింపేయండి, బెంగ అక్కర్లేదు.

సముద్రపు గాలికి తట్టుకునేలా

మన ఊళ్లో కాగితానికి పెద్ద శత్రువులు తేమ, ఉప్పు. పదేళ్ల కిందటి కట్ట విప్పితే స్టేప్లరు పిన్ను చుట్టూ గోధుమరంగు మరక, పిన్ను లాగితే ఆ మూలే ఊడి వస్తుంది. అందుకే దాచే వాటికి ముందుగా పిన్నులు, గుండుసూదులు తీసేయండి, ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టండి. సెల్లోటేపు వద్దు, పసుపెక్కి అక్షరాలను తనతో లాగేస్తుంది. దస్తావేజులను లామినేషన్ చేయించొద్దు. బీరువాను సముద్రం వైపు గోడకు ఆనించి ఉంచితే ఫైళ్లు కింది అరలో పెట్టకండి.

దుకాణాల్లో ఇచ్చే నున్నటి థర్మల్ రసీదు (వేడితో ముద్రించేది) రెండేళ్లలో తెల్లకాగితం అయిపోతుంది. బంగారం బిల్లు, ఆసుపత్రి బిల్లు అలాంటి కాగితం మీద వస్తే ఇంటికి రాగానే ఫోటో తీయండి, జిరాక్సు తీయించండి.

స్కాన్ చేశాక ఫైలు పేరు ఏడాదితో మొదలుపెట్టండి, "2023-24 ఫారం 16 నాన్న" లాగా, అప్పుడు వరుసలో వాటంతట అవే కూర్చుంటాయి. ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి క్లౌడ్‌లో. ఏడాది కుప్పకు స్కాన్ సరిపోతుంది, ఆస్తి దస్తావేజులకు మాత్రం ఒరిజినలే కావాలి.

ఇక చింపడం

పాత పేపర్ల బండికి తూకానికి వేయకండి. బీచ్ రోడ్డులో వేరుశనక్కాయల పొట్లం విప్పితే లోపల ఎవరిదో బ్యాంకు స్టేట్‌మెంట్, ఖాతా నంబరుతో సహా కనబడటం ఈ ఊళ్లో చాలామంది చూసే ఉంటారు. పాన్, ఆధార్, ఖాతా నంబరు, పుట్టిన తేదీ, సంతకం, ఈ అయిదింటిలో ఏది ఉన్నా అది ముక్కలవ్వాల్సిందే. ఏదీ లేనివి మామూలుగా వేసేయొచ్చు.

ష్రెడ్డర్ కొనేట్టయితే నిలువు పట్టీలుగా కోసేది వద్దు, చిన్న చిన్న ముక్కలు చేసేది తీసుకోండి. నలుగురైదుగురు ఫ్లాట్ల వాళ్లు కలిసి ఒకటి కొనుక్కుంటే అందరికీ సరిపోతుంది. కొనడం ఇష్టం లేకపోతే చేత్తో నాలుగు ముక్కలు చేసి బకెట్‌లో నీళ్లలో రాత్రంతా నానబెట్టి పొద్దున్నే చేత్తో పిసికేయండి, గుజ్జయిపోతుంది. పాస్‌బుక్కు అట్ట ముందు ఊడదీయాలి, వెనక నల్ల పట్టీ ఉంటే దాన్ని అడ్డంగా కత్తిరించాలి. మూసేసిన ఖాతా చెక్కుబుక్కు మిగిలి ఉంటే ప్రతి చెక్కు కింద అంకెల పట్టీ, సంతకం చోటు విడివిడిగా చింపండి. పాత ఏటీఎం కార్డు చిప్పు మధ్యలోంచి కత్తెర వేయండి. మేడ మీద తగలబెట్టడం వద్దు, పొగ ఒక బాధ అయితే, సగం కాలిన కాగితం మన గాలికి నాలుగిళ్ల అవతల పడటం ఇంకో బాధ. ముక్కలను సంచిలో మూతి కట్టి పొడి చెత్తలో ఇవ్వండి.

ఈ పని ఏటా ఆగస్టులో, రిటర్న్ వేసి ఇంటిమేషన్ వచ్చాక చేసుకోవడం మేలు. కొత్త ఏడాది ఫైలు ఒకటి లోపలికి, తొమ్మిదో ఏడాది ఫైలు ఒకటి బయటికి. బయటికి తీసిన దాన్ని ముక్కలు చేసే ముందు ఒక్కసారి పేజీలు తిప్పండి, ఆస్తి కాగితం ఏదైనా అందులో ఇరుక్కుని ఉంటే తీసి దాని ఫైలులో పెట్టండి. బీరువా తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించి ఏ ఆస్తి ఫైలు ఎక్కడుందో, స్కాన్లు ఏ మెయిల్‌లో ఉన్నాయో రాసి, ఇంట్లో ఇంకొకరికి చూపించండి. పాస్‌వర్డ్ మాత్రం దాని మీద రాయకండి, చెప్పాల్సిన వాళ్లకు నోటితో చెప్పండి.